చుట్టాల దుప్పటి

ఇంట్లో మడతల విషయంలో నా మాటకు ఎదురుండేది కాదు, ఆ వానాకాలం వరకు. బీరువా తలుపు తీస్తే దుప్పట్ల అంచులన్నీ ఒక్క వరసలో కనిపించాలి. మా ఆయన మధ్యలోంచి తువ్వాలు లాగి తక్కినవి చెదరగొడితే ఆ పూటకి ఆయనతో నాకు మాటలుండవు. మా అత్తగారు దీన్ని నా చాదస్తం అనేవారు. కానీ ఇంటికెవరైనా వస్తే మాత్రం బీరువా తలుపు కావాలనే తెరిచి ఉంచేవారు.

అలాంటి బీరువాను బావగారు వచ్చిన మర్నాడే ఖాళీ చేసి పెట్టారు.

బావగారంటే మా ఆయనకు అన్న. పుట్టుకతోనే ఎడమకాలు ఈడుపు, మాట నిదానం. ఒక్కో మాటా లోపలెక్కడో వెతికి తెచ్చినట్టు వచ్చేది. మధ్యలో మనం అందించబోతే కోపం. మళ్లీ మొదటికి వెళ్లి చెప్పేవారు. ఇలాంటివాళ్ల కోసం పక్క ఊరి చివర నడిపే హోమ్‌లో చిన్నతనం నుంచీ ఉంటున్నారు. ఆ ఏడు అక్కడ పడుకునే హాలు పైకప్పు కురుస్తోందని మొత్తం దింపి కొత్తది వెయ్యడం మొదలుపెట్టారు. అయినవాళ్లు ఉన్నవాళ్లను ఆ పని అయ్యేదాకా ఇళ్లకు తీసుకెళ్లమన్నారు. అప్పటిదాకా నేను ఆయన్ని ఏడాదికోసారి చూసిందే తప్ప ఒక ఇంట్లో కలిసి ఉన్నది లేదు.

ఆ మధ్యాహ్నం నేను వంటిల్లు సర్దుకుని వచ్చేసరికి హాలు నిండా దుప్పట్లే. మధ్యలో బావగారు.

"ఏంటి బావగారూ ఇది?"

"తప్పు."

"ఏది తప్పు?"

"మడత."

నా మడతలు తప్పన్నవాళ్లు అంతవరకూ పుట్టలేదు. ఏదో అనబోయాను. ఆయన ఒక దుప్పటి రెండు కొసలూ పట్టుకుని లేచి నిలబడ్డారు. మిగతా దుప్పటి నేల మీద పడి ఉంది. ఎదురుగా ఖాళీగా ఉన్న చోటుకేసి చూస్తూ అలాగే నిలబడ్డారు. అడగలేదు, పిలవలేదు. అక్కడ ఎవరో రావాల్సి ఉందన్నట్టు.

"పట్టుకో అమ్మాయ్, ఇందాకట్నుంచీ వాడు అలా నిలబడే ఉన్నాడు," అన్నారు మా అత్తగారు మంచం మీంచి.

వెళ్లి రెండో వైపు కొసలు పట్టుకున్నాను. పెళ్లయినప్పటి నుంచీ నేను దుప్పట్లు ఒక్కదాన్నే మడతపెట్టేదాన్ని. నడిమి అంచు గడ్డం కింద నొక్కిపట్టి, చేతులు రెండూ చాచి, తల అటూ ఇటూ తిప్పకుండా. ఇంకో మనిషి పట్టుకుంటే ఎలా ఉంటుందో నాకు తెలియదు. బావగారు ఒక్క గుంజు గుంజారు. దుప్పటి ఫట్‌మంది. నేను ముందుకు తూలాను. ఆయన నోరంతా తెరిచి నవ్వారు.

తరవాత నా వైపు నడిచి వచ్చి, నా కొసలు తన చేతుల్లోకి తీసుకున్నారు. బొటనవేలితో అంచు మూల తడిమారు. రెండో మూలా తడిమారు. అక్కడేమీ దొరకలేదు.

"ఎవరిది?"

"ఎవరిదేంటి, మనదే."

ఇంకో దుప్పటి. మళ్లీ మూల తడమడం. "ఎవరిది?"

"అందరిదీనూ."

ఆ జవాబు ఆయనకు నచ్చలేదు. దుప్పట్లన్నీ అయ్యాక ఆ దొంతరను చూస్తూ చాలాసేపు ఆలోచించి అడిగారు: "అందరూ... చుట్టాలేనా?"

మా అత్తగారికి నవ్వాగలేదు. "చూశావా, మనింటికి వచ్చేపోయేవాళ్ల గోల రెండు రోజుల్లోనే వాడికీ తెలిసొచ్చింది!" అన్నారు కళ్లు తుడుచుకుంటూ. రాత్రి భోజనాల దగ్గర నేనే ఆ మాట మా ఆయనకు చెప్పాను. ఆయనా నవ్వారు, మా పాపా నవ్వింది. బావగారొక్కరే నవ్వలేదు. మా అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసి అన్నం కలుపుకున్నారు.

ఆ ఏడు వాన పట్టిందంటే వదల్లేదు. బట్టలు ఆరేసే చోటే లేదు. హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు నాలుగు తాళ్లు కట్టాం. భోజనాల బల్ల దగ్గరికి రావాలంటే తల వంచుకుని దుప్పట్ల కిందుగా రావాలి. "నేను ఇంట్లో ఉన్నానా, తెరచాప పడవలో ఉన్నానా?" అనేవారు మా ఆయన ఆఫీసు నుంచి వస్తూనే. ఆ పడవకు సరంగు బావగారు. తాడు మీది దుప్పటి చెంపకు ఆనించి చూసి తీర్పు చెప్పేవారు.

"పచ్చి."

"ఎండింది బావగారూ. నేను చూశాగా."

"పచ్చి."

ఆయన్ని ఓడించాలని ఓసారి నేనూ చెంపకు ఆనించి చూశాను. నడుమ భాగం ఎండింది. మడిచి కుట్టిన అంచు మాత్రం చల్లగా ఉంది. సరేనని తాడు మీదే ఉంచాను. అయితే నేనూ ఊరుకోలేదు. దిండు గలీబులు ఆయన నాలుగు మడతలు వేసేవారు. అలా వేస్తే నడుమ ఉబ్బెత్తుగా వచ్చి దొంతర పక్కకు ఒరిగిపోతుంది. మూడు మడతలు వేస్తే కదలదు. నేను పక్కనే ఇంకో దొంతర పేర్చి చూపించాను. ఆయన రెండింటినీ వేలితో నెట్టి చూశారు. ఆయనది పడింది. కూర్చుని, తన గలీబులన్నీ విప్పి మూడేసి మడతలు వేసుకున్నారు. ఆ రోజు నాకు ఎంత గర్వంగా ఉందో చెబితే మా ఆయన, "ఇద్దరికిద్దరూ సరిపోయారు," అన్నారు.

మధ్యాహ్నాలు నాకు అలవాటైపోయాయి. పాపను బడికి పంపి, వంట ముగించి వచ్చేసరికి ఆయన రెండు కొసలు పట్టుకుని నిలబడి ఉండేవారు. మాటలేమీ పెద్దగా ఉండేవి కావు. దగ్గరికి రావడం, కొసలు ఇవ్వడం, వెనక్కి వెళ్లడం. ఎవరితోనైనా ఆ ఇంట్లో నేను అంత తీరిగ్గా పని చేసిన గుర్తు లేదు.

మా అత్తగారు మంచం గుమ్మం దగ్గరికి వేయించుకుని మా ఇద్దర్నీ చూస్తూ కూర్చునేవారు. పొద్దున్నే కొడుకుకు తల దువ్వేవారు. ఆయన బుద్ధిగా దువ్వించుకుని, అవతలికి వెళ్లగానే రెండు చేతులతో చెరిపేసుకునేవారు. ఆవిడ చూసి కూడా చూడనట్టు మర్నాడు మళ్లీ దువ్వేవారు.

ఒక సాయంత్రం భోజనాల దగ్గర ఆవిడ ఉన్నట్టుండి, "వాణ్ణి ఇంక పంపను," అన్నారు.

బావగారు అప్పటికే తిని, పాప గదిలో దాని బొమ్మల గుడ్డలు మడతపెడుతున్నారు.

"అమ్మా, ఆలోచించి మాట్లాడు," అన్నారు మా ఆయన.

"అప్పుడూ ఆలోచించే పంపాం కదరా. డాక్టరు ఆలోచించాడు, మీ నాన్న ఆలోచించారు, బంధువులంతా ఆలోచించారు. నన్నెవరైనా అడిగారా? ఇప్పుడు నేను చెప్తున్నా. నేను పోయేలోపు వాడు నా ఇంట్లో ఉండాలి."

"ఉండాలి సరే. నీకు లేచి మంచినీళ్లు తాగడానికే మనిషి కావాలి. చేసేదెవరు?"

ఇద్దరూ నా వైపు చూశారు. నేను వడ్డన గరిటె కింద పెట్టాను.

"ఉంటే ఉండనివ్వండి. నాకేం కష్టం లేదు," అన్నాను.

మా అత్తగారు దాన్ని కోడలి మంచితనం అనుకున్నారు. నా లెక్క వేరు. ఆయన వెళ్లిపోతే మళ్లీ దుప్పటి గడ్డం కింద పెట్టుకోవాలి. అది ఎవరితోనూ చెప్పుకునే కారణం కాదు కాబట్టి చెప్పలేదు.

హోమ్ నడిపే ఆవిణ్ణి అక్కడ అందరూ పెద్దక్క అంటారు. ఆ వారంలోనే ఫోన్ చేసింది. పైకప్పు పని అయిపోయింది, తీసుకురమ్మంది. మేం ఇక్కడే ఉంచుకోవాలనుకుంటున్నామని చెప్పాను.

"మేస్త్రీని అడిగారా?" అంది ఆవిడ.

"మేస్త్రీ ఎవరండీ?"

"అయ్యో, మీ బావగారే. ఇక్కడ పేరు పెట్టి పిలిస్తే పలకడు. బట్టల గది మొత్తం ఆయన చేతి కిందే."

"ఆయనకి ఇక్కడ బాగానే ఉందండీ."

"ఎందుకు బాగుండదు? మీరు మంచిగా చూసుకుంటారు. ఉంచుకోవడం మీ ఇష్టం. కాకపోతే త్వరగా చెప్పండి, ఆ పక్క కోసం ఎదురుచూసేవాళ్లు ఉన్నారు."

ఫోన్ పెట్టేసేలోపు నాకు ఆ సంగతి గుర్తొచ్చింది. దుప్పటి మూలలో ఈయన ఏం వెతుకుతారని అడిగాను.

"గుర్తు," అంది పెద్దక్క. "ఇక్కడ ఒక్కొక్కళ్లకీ ఒక గుర్తుంటుందండీ. దుప్పటి మూల లావు దారంతో కుడతాం. బట్టలకీ కుడతాం. మీరు చూసే ఉంటారు, మేస్త్రీ చొక్కా కాలరు లోపల సున్నా."

చూశాను. లాండ్రీవాళ్ల గుర్తేమో అనుకున్నాను.

"మరి ఏ గుర్తూ లేకపోతే?"

"అవి చుట్టాలవి. ఎవరైనా చూడ్డానికొచ్చి ఇక్కడే ఆగిపోతే వెయ్యడానికి విడిగా ఉంచుతాం."

ఫోన్ పెట్టేశాక కూడా అక్కడే నిలబడ్డాను. ఆ మనిషి మా ఇంటికొచ్చి బీరువా అంతా వెతికాడు. ఒక్కదానికీ గుర్తు లేదు. ఈ ఇంట్లో ఉంటున్నవాళ్లంటూ ఎవరూ లేరు, అంతా వచ్చి పోయేవాళ్లేనా అని అడిగాడు. మేం నవ్వాం.

మా అత్తగారికి చెప్పాను. ఈసారి ఆవిడ నవ్వలేదు.

"అయితే కుట్టెయ్," అన్నారు. "అందరికీ కుట్టు. వాడిదీ కుట్టు. అప్పుడింక వాడు చుట్టమెందుకవుతాడు?"

బడిలో నేర్చుకున్న గొలుసు కుట్టు ఆ ఆదివారం బయటికి తీశాను. ఎర్ర దారం, లావుది. బావగారిని నా పక్కన కూర్చోబెట్టుకుని ఎవరికి ఏ గుర్తో ఆయన్నే అడిగాం. పాప ఆయన చెప్పకముందే నక్షత్రం అంది, సరేనన్నారు.

"నాకు ఏనుగు కుట్టండి," అన్నారు మా ఆయన పేపరు వెనక నుంచి.

"గీత," అన్నారు బావగారు.

"ఒక్క గీతేనా అన్నయ్యా? సంపాదించి పోస్తున్నవాణ్ణి!"

"గీత."

నాకు గడి. బీరువాలా, నాలుగు పక్కలూ సమానంగా. మా అత్తగారు, "మరి నాకేంట్రా?" అంటే ఆయన చాలాసేపు ఆవిడ మొహం చూశారు. "ఆకు," అన్నారు. ఎందుకని అడిగితే చెప్పలేదు.

కుట్టినవి కుట్టినట్టే మడతపెట్టాం. బొటనవేలు మూల మీదికి వెళ్లేది, ఆగేది. "పాపది." "అమ్మది." ఆయన మొహం చూడాలి అప్పుడు. ఇన్నాళ్లూ మాతో ఏదో బాకీ ఉన్నట్టు మాట్లాడిన మనిషి, ఒక్కో పేరూ గట్టిగా చెప్పి ఒక్కో దుప్పటి విడివిడిగా పెట్టారు.

చివరికి ఆయన మంచం మీది దుప్పటి ఒళ్లో వేసుకున్నాను. మా అత్తగారు మంచం మీద ముందుకు జరిగారు.

"ఇది మీది బావగారూ. సున్నా కుడుతున్నా."

ఆయన అరచెయ్యి తెచ్చి మూల మీద పెట్టారు. "వద్దు."

"ఎందుకొద్దు?"

"ఇది... చుట్టాలది."

"మీరు చుట్టం ఏంటండీ, మీ ఇల్లే కదా ఇది."

మధ్యలో అందుకున్నాను కదా, మళ్లీ మొదటికి వెళ్లారు. నేను సూది పట్టుకుని ఆగాను.

"ఇది చుట్టాలది. నేను... చుట్టాన్ని. నాది... అక్కడుంది."

బాధగా అనలేదు. కోపంగానూ అనలేదు. ఉప్పు డబ్బా ఏ అరలో ఉందో చెప్పినట్టు చెప్పారు. చెప్పి, నా చేతిలో సూదికి వేలాడుతున్న ఎర్ర దారం చూపించి, "తెంపు," అన్నారు. తెంపాను.

మా అత్తగారు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. బయట చూడ్డానికేమీ లేదు, వాన తప్ప. తరవాత నా వైపు తిరక్కుండానే, "ఆ పెద్దక్కకి ఫోన్ చెయ్యి అమ్మాయ్," అన్నారు. "ఎల్లుండి తీసుకొస్తున్నామని చెప్పు. నేనూ వస్తా."

హోమ్ గేటు దగ్గర మేం ఆటో దిగామో లేదో, లోపల వరండాలోంచి ఒక ఆడగొంతు ఖంగుమంది.

"ఆ ఈడుపు మా మేస్త్రీదే! ఏమయ్యా, అయినవాళ్లు దొరకగానే మమ్మల్ని మర్చిపోయావా? నువ్వు లేక ఇక్కడ అందరూ అందరి దుప్పట్లూ కప్పుకుంటున్నారు!"

ఆవిడ్ని అక్కడ రేడియో అంటారు. నోరు మూతపడదని. వయసు బావగారంతే ఉంటుంది. పుట్టుకతోనే చూపు లేదు. చెయ్యి చాచుకుంటూ వచ్చి ఆయన భుజం మీద ఒకటి వేసింది. బావగారు ఆ చెయ్యి పట్టుకుని, మాకు చెప్పకుండానే, బట్టల గదికి తీసుకెళ్లిపోయారు.

వెనకే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాం. ఆయన రెండు కొసలు పట్టుకుని నిలబడ్డారు. ఎదురుగా ఖాళీ లేదు. ఆవిడ చాచిన చేతుల్లోకి తక్కిన రెండు కొసలూ వచ్చి పడ్డాయి. ఫట్. దగ్గరికి, వెనక్కి, దగ్గరికి. మూల మీద ఆవిడ బొటనవేలు వెళ్లి ఒక్క క్షణం ఆగేది. "చేప." ఆయన అందుకుని అరలో పెట్టేవారు. "మెట్లు." అరలో. లావు దారం ఎందుకో, గుర్తులు రంగుల్లో కాకుండా ఆకారాల్లో ఎందుకో అప్పుడు తెలిసింది. నా గొలుసు కుట్టును మా ఇంట్లో ఆయన కళ్లతో కాక వేలితో ఎందుకు చూశారో కూడా.

"గలీబుకి ఇదేం మడత? మూడేసి?" అని గద్దించింది రేడియో.

"మరదలు."

"మీ మరదలు చెప్తే సరిపోయిందా?"

"దొంతర... పడదు."

ఏడాదికోసారి మేం వచ్చినప్పుడల్లా ఆయన్ని తల దువ్వి, ఉతికిన చొక్కా తొడిగి, ముందు గదిలో కుర్చీలో కూర్చోబెట్టేవారు. మేమూ ఎదురుగా కుర్చీల్లో కూర్చునేవాళ్లం. ఇరవై అడుగుల అవతల ఈ గది ఉందని మాకెవరికీ తెలియదు. మా అత్తగారు గుమ్మం పట్టుకుని చాలాసేపు చూశారు.

"అవునే," అన్నారు చివరికి, నాతోనో తనతోనో. "వీడికి ఇక్కడ ఇంత సంసారం ఉంది."

తిరుగు దారిలో ఏడుస్తారేమో అనుకున్నాను. ఏడవలేదు. ఇంటికొచ్చి ఆకు గుర్తున్న దుప్పటి అడిగి తీసుకుని పడుకున్నారు. ఆ తరవాత నెలకోసారి నన్ను వెంటబెట్టుకుని వెళ్లడం మొదలైంది. ముందు గదిలో కాదు, బట్టల గదిలోనే ఒక బల్ల మీద కూర్చునేవారు. సాయంత్రం బస్సుకు వచ్చేసేవాళ్లం. మా ఇంట్లో నేను దుప్పటి రెండు కొసలు పట్టుకుని నిలబడి పాపను పిలిచేదాన్ని. పాప కాకపోతే మా ఆయన్ని. గడ్డం కింద పెట్టుకోవడం మానేశాను.

బావగారు పోయింది ఇంకో వానాకాలంలో. మూడు రోజుల జ్వరం, అంతే. హోమ్‌లో ఆయన్ని తలుచుకుందాం రమ్మని పెద్దక్క కబురు పెడితే మా అత్తగారూ నేనూ వెళ్లాం. కొత్త పైకప్పు కింద అందరూ గోడల వెంట కూర్చున్నారు. ఒకాయన లేచి, మేస్త్రీ తనను తిట్టిన తిట్లన్నీ వరసగా చెప్పి కూర్చున్నాడు. అందరూ నవ్వారు. మాట రాని ఒకమ్మాయి తన తువ్వాలు తెచ్చి, హాలు మధ్యలో నేల మీద పరిచి, అంచుకు అంచు కలిపి మడతపెట్టి, అందరికీ చూపించి తీసుకెళ్లింది. రేడియో మాత్రం నోరు విప్పలేదు.

సాయంత్రానికి వాన పెద్దదై బస్సులు ఆగిపోయాయి. "ఈ పూటకి ఉండిపోండి," అంది పెద్దక్క. రేడియో నన్ను బట్టల గదికి రమ్మంది. "ఒక జత చేతులు తక్కువయ్యాయి. రండి," అంది. మా అత్తగారు తన బల్ల మీద కూర్చున్నారు. ఆ రోజు ఉతికినవన్నీ నేనూ రేడియో మడతపెట్టాం. గలీబులకు మూడేసి మడతలు వేస్తుంటే ఆవిడ ఏమీ అనలేదు. మూల తడిమి గుర్తు చెప్తూ ఉంటే అందుకుని అరలో పెట్టాను.

అన్నీ అయ్యాక పక్కలు వెయ్యడానికి నేను గుర్తుల్లేని దుప్పట్ల అర వైపు వెళ్లాను.

"అవి కాదు," అంది రేడియో. "అవి చుట్టాలవి."

వంగి, అట్టడుగు అరలో వెనక నుంచి ఒక దొంతర లాగింది.

"మీరు దింపి వెళ్లిన వారమే కుట్టించాడు, నాతో. గడి అన్నాడు, కుట్టాను. గీత, నక్షత్రం, అవీ కుట్టాను. ఈ ఒక్కటీ మూడుసార్లు విప్పించాడు. సరిగ్గా రాలేదట! కళ్లు లేనిదాని చేత ఆకు కుట్టించుకుంటూ పైగా వంకలు."

పైది తీసి రెండు కొసలూ పట్టుకుని మా అత్తగారి వైపు చాచింది. ఆవిడ బల్ల మీంచి మెల్లగా లేచి వచ్చారు. మూల చేతిలోకి తీసుకున్నారు. బొటనవేలితో తడిమారు, కొడుకు తడిమినట్టే.

"ఎవరిది?" అంది రేడియో, మడతపెట్టేటప్పుడు అడిగే మామూలు గొంతుతో.

మా అత్తగారు వేలు తియ్యలేదు.

"నాదే," అన్నారు.

ఆకు కొంచెం వంకరగానే ఉంది. నేనేమీ అనలేదు.